గిట్‌లో ఆ ఒక్క బిట్ పంచాయితీ: విండోస్, లినక్స్ కలిసిన చోట ఏ దారి పట్టాలి?

మొత్తం చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తా. స్క్రిప్టు విండోస్‌లో పుట్టిందంటే దాని ఎగ్జిక్యూట్ బిట్‌ని (ఈ ఫైలుని ప్రోగ్రాంలా నడపొచ్చని లినక్స్‌కి చెప్పే గుర్తుని) గిట్ ఇండెక్స్‌లో (తర్వాతి కమిట్‌లోకి పోయేవాటి జాబితాలో) మీ చేత్తో మీరే పెట్టండి. ఆ బిట్ మార్పుని గిట్ గమనించాలా వద్దా అని చెప్పే ఫైల్‌మోడ్ సెట్టింగ్‌ని ఆపేసే చిట్కా ఏ మెషీన్‌లో గోల ఉందో ఆ ఒక్క మెషీన్‌లోనే వాడండి. మిగతా పర్మిషన్లు, అంటే ఓనరు ఎవరు, గ్రూపు ఏది, 600 ఉండాలా 640 ఉండాలా అన్నవి గిట్ మీద వదలకుండా డిప్లాయ్ చేసేచోట చూసుకోండి. ఇక తీరిక ఉన్నవాళ్లు కింద చదవండి.

మాది నెల్లూరు. నేను, కావలిలో ఒక అన్న, ఒంగోలులో ఒక తమ్ముడు, ముగ్గురం కలిసి రొయ్యల గుంటల దగ్గర పెట్టే చిన్న పెట్టె ఒకటి చేస్తున్నాం. లోపల ఒక రాస్ప్‌బెర్రీ పై, నీళ్లలో డీఓ (కరిగి ఉన్న ఆక్సిజన్) చూసే సెన్సరు, డీఓ పడిపోతే గుంట ఆసామికి ఫోన్ చేసే స్క్రిప్టు, అంతే. వెనామీ రొయ్య వేసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, రాత్రంతా నాచూ రొయ్యలూ ఆక్సిజన్ వాడుకోవడమే గానీ ఎండ లేక కొత్తగా పుట్టేది ఉండదు కాబట్టి తెల్లవారుజామున డీఓ బాగా దిగిపోతుంది, ఆ టైములో ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి ఎక్కించే చక్రాలు) తిరక్కపోతే పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇందుకూరుపేట వైపు ఒక గుంట దగ్గర పెట్టిన మా పెట్టె ఒకరోజు రాత్రి నోరు మెదపలేదు. కాపలా మనిషి టార్చి వేసి చూస్తే రొయ్యలు పైకొచ్చి తిరుగుతున్నాయంట, ఆయనే పరుగెత్తి ఏరియేటర్లు వేశాడు కాబట్టి సరిపోయింది. పొద్దున్నే ఆసామి ఫోన్: "ఏంది సామీ, మీ పెట్టె నిద్రపోయిందా?" లాగ్ తీసి చూస్తే ఒకే ఒక్క లైను. పర్మిషన్ డినైడ్.

జరిగిందేమంటే, ముందురోజు సాయంత్రం కావలి అన్న తన విండోస్ లాప్‌టాప్‌లో ఆ స్క్రిప్టు పేరు బాగాలేదని ఎక్స్‌ప్లోరర్‌లోనే పేరు మార్చి గిట్ యాడ్ కొట్టి పుష్ చేశాడు. మనకి అది పేరు మార్పు, గిట్‌కి మాత్రం పాత ఫైలు పోయి కొత్త ఫైలు పుట్టినట్టు. విండోస్‌లో పుట్టిన కొత్త ఫైలు ఏదైనా గిట్‌లోకి 644తోనే, అంటే ఎగ్జిక్యూట్ బిట్ లేకుండానే పోతుంది. అదే గిట్ ఎంవీతో పేరు మార్చి ఉంటే పాత బిట్ కూడా వెంట వచ్చేది. రొయ్యల గుంటకీ ఎక్స్‌ప్లోరర్‌లో రీనేమ్‌కీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు చెప్పండి.

ఇంతకీ గిట్‌కి ఏం గుర్తుంటుంది?

చాలామంది అనుకునేది గిట్ పర్మిషన్లన్నీ దాస్తుందని. దాయదు. మామూలు ఫైలుకి దాని దగ్గర రెండే రెండు అంకెలుంటాయి, 100644, 100755. ఓనరుకి ఎగ్జిక్యూట్ బిట్ ఉంటే రెండోది, లేకపోతే మొదటిది. సిమ్‌లింక్‌కి (ఇంకో ఫైలుని చూపించే లింకుకి) 120000 అని వేరే అంకె ఉంది, దాని సంగతి తర్వాత. మీరు ఫైలుకి 600 పెట్టి కమిట్ చేసినా గిట్ 644 అనే రాసుకుంటుంది. అవతల చెకౌట్ చేసినవాళ్ల దగ్గర అసలు పర్మిషన్ ఎంత వస్తుందనేది వాళ్ల యుమాస్క్ (కొత్త ఫైలుకి ఏ హక్కులు తీసేయాలో చెప్పే సెట్టింగ్) నిర్ణయిస్తుంది: 022 అయితే 644, 755, 002 అయితే 664, 775, 077 అయితే 600, 700. ఓనరు, గ్రూపు అసలు లెక్కలోనే లేవు.

విండోస్‌లో ఆ బిట్‌కి సమానమైనది లేదు. అక్కడ ఫైలు నడుస్తుందా లేదా అన్నది ఎక్స్‌టెన్షన్ చూసి తేలుతుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఎవరు చదవాలి, ఎవరు నడపాలి అనే పెద్ద జాబితాలున్నా గిట్ వాటి జోలికి పోదు. అందుకే విండోస్‌లో క్లోన్ చేయగానే గిట్ తనంతట తానే కోర్.ఫైల్‌మోడ్‌ని ఫాల్స్‌గా రాసుకుంటుంది, అంటే "డిస్కు మీద బిట్ ఎలా కనబడినా నేను పట్టించుకోను, ఇండెక్స్‌లో ఉన్నదే నిజం" అని. లినక్స్‌లో, మ్యాక్‌లో ట్రూ రాసుకుంటుంది. మ్యాక్‌తో ఈ విషయంలో పేచీ లేదు, అక్కడ తలనొప్పి పెద్దక్షరాలు చిన్నక్షరాల దగ్గర, అది వేరే కథ.

ఇంకో మాయ ఉంది. గిట్ బాష్ విండోలో ఎల్ఎస్ కొట్టి చూస్తే మొదటి లైనులో షెబాంగ్ (ఏ ప్రోగ్రాంతో నడపాలో చెప్పే #! గుర్తు) ఉన్న ఫైళ్లన్నిటికీ ఎక్స్ కనబడుతుంది. కావలి అన్న అదే చూపించాడు, "చూడబ్బాయా, ఇక్కడ ఉంది కదా" అని. అది ఆ షెల్ ఊహించి చూపించేది, గిట్‌కి దానితో పనిలేదు. అక్కడ సీహెచ్‌మోడ్ (పర్మిషన్ మార్చే కమాండ్) కొట్టినా గాలిలో కొట్టినట్టే. నిజం తెలియాలంటే గిట్ ఎల్ఎస్-ఫైల్స్ -ఎస్ కొట్టాలి, అందులో ఎడమ పక్కన ఉన్న అంకె ఒక్కటే నమ్మాలి. (కమాండ్లు చదవడానికి తెలుగులో రాస్తున్నా, టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి, మళ్లీ నన్ను తిట్టుకోవద్దు.)

మొదటి దారి: ఫైల్‌మోడ్ ఆపేయడం

నెట్‌లో ఎక్కడ అడిగినా ముందు చెప్పేది ఇదే. గిట్ కాన్ఫిగ్ కోర్.ఫైల్‌మోడ్ ఫాల్స్, గోల పోతుంది. నిజంగానే పోతుంది. ఎప్పుడు పనికొస్తుందంటే, ఒక్క అక్షరం మార్చకపోయినా గిట్ స్టేటస్‌లో వందల ఫైళ్లు మారినట్టు కనబడి, డిఫ్ తీస్తే ఓల్డ్ మోడ్ 100644, న్యూ మోడ్ 100755 అని తప్ప ఇంకేం లేనప్పుడు. లినక్స్ మెషీన్‌లోని ప్రాజెక్టు ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని వెళ్లేవాళ్లకి ఇది బాగా తెలుసు. పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్, దానికి ఎగ్జిక్యూట్ బిట్ అనేదే లేదు, లినక్స్ దాన్ని మౌంట్ చేసినప్పుడు అన్ని ఫైళ్లకీ ఒకే పర్మిషన్ చూపిస్తుంది. ఫోల్డర్‌తో పాటు లోపలి కాన్ఫిగ్ కూడా ట్రూ అని వచ్చేసింది కాబట్టి గిట్ ఆ కనబడేదాన్ని నమ్మి అన్నీ మారాయంటుంది. అక్కడ ఫాల్స్ పెట్టడం సరైన పనే.

తప్పెక్కడంటే, మంచి ఈఎక్స్‌టీ4 డిస్కు మీద పనిచేసే లినక్స్‌వాళ్లు కూడా ఎవరో చెప్పారని దీన్ని పెట్టేసుకోవడం. మా ఒంగోలు తమ్ముడు ఒకసారి పెన్‌డ్రైవ్ గొడవకి పెట్టిన ఫాల్స్‌ని ఆ ఫోల్డరు తిరిగి డిస్కులోకి వచ్చాక కూడా అలాగే ఉంచేశాడు. ఆ తర్వాత తను రాసిన కొత్త స్క్రిప్టులకి సీహెచ్‌మోడ్ కొట్టేవాడు, తన దగ్గర చక్కగా నడిచేవి, కమిట్‌లోకి మాత్రం అన్నీ 644తో పోయేవి. లినక్స్ మనిషే కదా అని మేం అటు చూడనేలేదు, వారం రోజులు నెపమంతా కావలి అన్న మీదే వేశాం.

ఇంకో సంగతి, దీన్ని --గ్లోబల్ పెట్టి కొట్టి "పనిచేయడం లేదు" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. క్లోన్ చేసేటప్పుడే గిట్ ఆ రెపో లోపలి కాన్ఫిగ్‌లో తన విలువ రాసేసుకుంటుంది, లోపలిది ఉంటే గ్లోబల్ మాట చెల్లదు. రెపో ఫోల్డర్‌లోకి వెళ్లి కొట్టాలి. ఆ సెట్టింగ్ కమిట్‌లోకి పోదు, పక్కవాడికి అంటదు కూడా. అదొక రకంగా మంచిదే.

రెండో దారి: ఇండెక్స్‌లో బిట్ రాసేయడం

నా ఓటు దీనికి. విండోస్‌లో కూర్చునే గిట్ అప్‌డేట్-ఇండెక్స్ --సీహెచ్‌మోడ్=+ఎక్స్ అని ఫైలు పేరు ఇచ్చి కమిట్ చేస్తే చాలు, ఇండెక్స్‌లో 100755 అయిపోతుంది. కొత్త ఫైలైతే గిట్ యాడ్ --సీహెచ్‌మోడ్=+ఎక్స్ అని ఒకే దెబ్బకి రెండు పనులూ అవుతాయి. విండోస్ దగ్గర ఫైల్‌మోడ్ ఫాల్స్ ఉంది కాబట్టి తర్వాత ఆ ఫైలుని ఎన్నిసార్లు ఎడిట్ చేసి యాడ్ చేసినా ఇండెక్స్‌లో ఉన్న బిట్ అలాగే ఉంటుంది. ఒక్కసారి చేస్తే చాలన్నమాట, ఎక్స్‌ప్లోరర్‌లో పేరు మార్చనంత కాలం. లినక్స్‌లో కూర్చుని ఇదే కమాండ్ కొడితే ఇండెక్స్ మాత్రమే మారుతుంది, డిస్కు మీద ఫైలు పాతలాగే ఉండి స్టేటస్‌లో మళ్లీ తేడా చూపిస్తుంది. లినక్స్‌వాళ్లు మామూలుగా సీహెచ్‌మోడ్ కొట్టి యాడ్ చేసుకోండి, ఈ దారి మీకోసం కాదు.

ఇబ్బంది ఒక్కటే, మనిషి గుర్తుపెట్టుకోవాలి. .గిట్‌అట్రిబ్యూట్స్‌లో "ఎస్‌హెచ్ ఫైళ్లన్నిటికీ ఎగ్జిక్యూట్ బిట్ పెట్టు" అని రాసే వీలుంటే బాగుండేది, అది లేదు. ఈ విషయంలో గిట్‌లాంటి పనే చేసే ముసలి సబ్‌వెర్షనే నయం అనిపిస్తుంది నాకు. అందులో ఎస్‌వీఎన్:ఎగ్జిక్యూటబుల్ అని ఒక ప్రాపర్టీ ఉంటుంది, విండోస్‌లోనైనా పెట్టొచ్చు, పైగా ఆటో-ప్రాప్స్‌లో ఒక లైను రాసుకుంటే ఆ ఎక్స్‌టెన్షన్‌తో కొత్తగా యాడ్ చేసిన ప్రతి ఫైలుకీ అదే అంటుకుంటుంది. 1.8 నుంచి ఆ నియమం రెపోలోనే పెట్టుకోవచ్చు కూడా. పెర్ఫోర్స్‌లో అయితే ఫైల్ టైపుకే +ఎక్స్ తగిలిస్తారు. మెర్క్యూరియల్ కూడా గిట్‌లాగే, ఎగ్జిక్యూటా కాదా, సిమ్‌లింకా కాదా, అంతవరకే గుర్తుపెట్టుకుంటుంది. దీనికోసం గిట్ వదిలేసి వేరేదానికి మారమని చెప్పను, ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోం కదా.

గుర్తుంచుకునే పని మనిషికి తప్పించాలంటే సీఐలో (పుష్ చేసినప్పుడల్లా కోడ్‌ని తనంతట తానే బిల్డ్ చేసి చూసే చోట) ఒక చెకింగ్ పెట్టుకోండి. గిట్ ఎల్ఎస్-ఫైల్స్ -ఎస్‌తో ఎస్‌హెచ్ ఫైళ్లు మాత్రం తీసి, వాటిలో 100644తో మొదలయ్యే లైను ఒక్కటి దొరికినా బిల్డ్ ఆపేయమనడమే. వేరే స్క్రిప్టు సోర్స్ చేసుకునే, అంటే తనలోకి చదువుకునే లైబ్రరీ ఫైళ్లకి బిట్ అక్కర్లేదు, వాటిని వేరే ఫోల్డర్‌లో పెట్టుకుంటే సరి. మేమది పెట్టిన మూడో రోజే పట్టుకుంది, ఈసారి తప్పు నాది.

ఆండ్రాయిడ్, స్ప్రింగ్ పనిచేసే పిల్లలకి ఇక్కడొక మాట. గ్రేడిల్‌డబ్ల్యూ (ప్రాజెక్టుని బిల్డ్ చేసే స్క్రిప్టు) దగ్గర సీఐ పర్మిషన్ డినైడ్ అని ఆగిపోతోందంటే కారణం ఎక్కువసార్లు ఇదే. సీఐ ఫైల్లో సీహెచ్‌మోడ్ లైను ఒకటి ఇరికించి నడిపించేస్తుంటారు. దానికన్నా ఇండెక్స్‌లో ఒక్కసారి బిట్ పెట్టడం తేలిక, తర్వాత వచ్చేవాళ్లకీ ఆ బాధ ఉండదు.

మూడో దారి: బిట్ అవసరమే లేకుండా పిలవడం

క్రాన్‌లోనో సిస్టమ్‌డీలోనో (లినక్స్‌లో ప్రోగ్రాములని వాటంతటవే నడిపేవి) స్క్రిప్టు పేరు నేరుగా ఇవ్వకుండా ముందు బాష్ అనో పైథాన్3 అనో రాస్తే ఎగ్జిక్యూట్ బిట్ లేకపోయినా నడుస్తుంది, చదివే హక్కుంటే చాలు. గుంట దగ్గర పెట్టెల్లో మేం దీన్ని కూడా వాడుతున్నాం, రెండో తాళంలాగా. ఆ రాత్రి క్రాన్ లైనులో బాష్ అన్న మాట ఒక్కటి ఉండి ఉంటే ఫోన్ మోగేది. బిట్ లేని స్క్రిప్టుని నేరుగా పిలిస్తే సిస్టమ్‌డీలో 203/ఎగ్జెక్ అని కనబడుతుంది, గుర్తుపెట్టుకోండి.

నష్టం ఏంటంటే షెబాంగ్ లైనుకి విలువ పోతుంది. లోపల పైథాన్ అని రాసి బయట బాష్‌తో పిలిస్తే వచ్చే ఎర్రర్లు చూసి నవ్వుకోవాలి. ఒక స్క్రిప్టు ఇంకోదాన్ని పిలుస్తుంటే ప్రతిచోటా ఇలాగే రాయాలి. పైగా గిట్ హుక్స్ (కమిట్ లాంటి పనులప్పుడు గిట్ తనే నడిపే స్క్రిప్టులు) దగ్గర ఇది పనిచేయదు. హుక్స్‌ని రెపోలోనే ఒక ఫోల్డర్‌లో పెట్టి కోర్.హుక్స్‌పాత్‌తో చూపిస్తే, విండోస్‌వాళ్ల దగ్గర బ్రహ్మాండంగా నడుస్తాయి, లినక్స్‌లో మాత్రం బిట్ లేని హుక్‌ని గిట్ పక్కన పెట్టేసి "ఎగ్జిక్యూటబుల్ కాదు కాబట్టి వదిలేశాను" అని ఒక చిన్న సూచన ఇచ్చి ముందుకెళ్లిపోతుంది. అది ఎవరూ చదవరు. హుక్స్‌కి మాత్రం రెండో దారే.

నాలుగో దారి: డిప్లాయ్ చేసేచోట పెట్టడం

సీక్రెట్లుండే ఫైలుకి 600 (ఓనరు తప్ప ఎవరూ చదవలేనిది) కావాలి, లాగ్ ఫోల్డర్ ఫలానా యూజర్‌ది కావాలి, ఇలాంటివి గిట్ చేతిలో లేని పనులని పైనే చూశాం. ఇన్‌స్టాల్ -ఎం 755 అని లినక్స్‌లో ఉన్న కమాండే చాలు, కాపీ, పర్మిషన్, ఓనరు అన్నీ ఒకేసారి చేస్తుంది. మెషీన్లు పదికి మించితే చాలా మెషీన్లని ఒకేచోట నుంచి సర్దే యాన్సిబుల్ పెట్టుకోండి, అందులో మోడ్, ఓనరు ఎటూ రాస్తారు.

డాకర్ వాడేవాళ్లు జాగ్రత్త. విండోస్ నుంచి లినక్స్ ఇమేజ్ బిల్డ్ చేస్తే డాకర్ ఫైళ్లన్నిటికీ ఎగ్జిక్యూట్ బిట్ తగిలించేస్తుంది. విండోస్‌లో బిల్డ్ చేసిన ఇమేజ్ నడుస్తుంది, అదే కోడ్‌ని లినక్స్ సీఐలో బిల్డ్ చేస్తే ఎంట్రీపాయింట్ (మొదట నడవాల్సిన స్క్రిప్టు) దగ్గర చతికిలబడుతుంది, "నా దగ్గర బాగానే ఉంది" అనే పాత పాట మొదలు. డాకర్ కొత్త బిల్డర్ బిల్డ్‌కిట్ ఉంటే కాపీ --సీహెచ్‌మోడ్=755 అని డాకర్‌ఫైల్‌లోనే రాసేయండి, ఎక్కడ బిల్డ్ చేసినా ఒకటే వస్తుంది.

సర్వర్‌లో ఈటీసీ ఫోల్డర్‌ని గిట్‌లో పెట్టుకోవాలనుకునే అడ్మిన్లకి ఎట్‌సీకీపర్ ఉంది, అది పర్మిషన్లనీ ఓనర్లనీ పక్కన ఒక ఫైల్లో రాసుకుని దాన్నీ కమిట్ చేస్తుంది. ఆ పనికి చాలా మంచిది. అప్లికేషన్ కోడ్‌కి ఇలాంటి టూల్స్ తగిలించడం నాకు నచ్చదు, విండోస్‌వాళ్లు కమిట్ చేసిన ప్రతిసారీ ఆ ఫైలు మీద కొట్లాటే.

ఐదో దారి: విండోస్‌లోనే లినక్స్ పెట్టుకోవడం

విండోస్ లోపల లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ వచ్చాక ఇది బాగా సులువైంది, కాకపోతే ప్రాజెక్టు ఎక్కడ పెట్టుకున్నారన్నదే ముఖ్యం. లినక్స్ వైపు హోమ్ ఫోల్డర్‌లో క్లోన్ చేసుకుంటే అసలైన బిట్లుంటాయి, పైగా గిట్ వేగంగా ఉంటుంది. సీ డ్రైవ్‌లో ఉన్నదాన్ని లినక్స్ వైపు ఎంఎన్‌టీ ఫోల్డర్ ద్వారా వాడితే రెంటికీ చెడిన రేవడే. విండోస్ గిట్‌తో క్లోన్ చేసి ఉంటే లోపల ఫాల్స్ ఉంటుంది కాబట్టి డబ్ల్యూఎస్‌ఎల్‌లో సీహెచ్‌మోడ్ కొట్టినా గిట్ చూడదు. లినక్స్ నుంచి కాపీ చేసి తెచ్చుకున్నదైతే ట్రూ ఉంటుంది, అక్కడ ఫైళ్లన్నీ 777గా కనబడి అన్నీ మారాయంటుంది. తప్పనిసరిగా సీ డ్రైవ్‌లోనే ఉంచాలంటే డబ్ల్యూఎస్‌ఎల్.కాన్ఫ్‌లో ఆటోమౌంట్ కింద మెటాడేటా ఆప్షన్ పెట్టి, డబ్ల్యూఎస్‌ఎల్ --షట్‌డౌన్ కొట్టి మళ్లీ తెరవండి.

పర్మిషన్ కాదు, లైను చివర గోల

బిట్ సరిగ్గా 755 ఉంది, అయినా స్క్రిప్టు నడవదు, బ్యాడ్ ఇంటర్‌ప్రిటర్ అనో "బాష్\ఆర్ దొరకలేదు" అనో అంటుంది. ఇది పర్మిషన్ జబ్బు కాదు, విండోస్ లైను చివర పెట్టే క్యారేజ్ రిటర్న్. పర్మిషన్ అనుకుని 777 కొట్టి, సుడో కొట్టి, చివరికి మెషీన్ ఫార్మాట్ చేసినవాళ్లని చూశాను. దీనికి మాత్రం .గిట్‌అట్రిబ్యూట్స్‌లో మందుంది, ఎస్‌హెచ్ ఫైళ్లకి టెక్స్ట్ ఈఓఎల్=ఎల్ఎఫ్ అని ఒక లైను. సిమ్‌లింక్ కూడా ఇలాంటిదే, విండోస్‌లో కోర్.సిమ్‌లింక్స్ ఫాల్స్ ఉంటే లింకు బదులు లోపల దారి మాత్రమే రాసున్న చిన్న టెక్స్ట్ ఫైలు వస్తుంది. విండోస్‌వాళ్లున్న ప్రాజెక్టులో సిమ్‌లింక్ పెట్టకపోవడమే సుఖం. ఇంకా 755 ఉండి, లైన్లూ బాగుండి, అయినా డినైడ్ అంటే ఆ డిస్కు నోఎగ్జెక్ (దాని మీది ఫైళ్లని నడపనివ్వని ఆప్షన్)తో మౌంట్ అయిందేమో చూడండి. ఫోన్‌లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ వాడేవాళ్లు ఎస్‌డీకార్డ్ ఫోల్డర్‌లో పెట్టిన స్క్రిప్టు పేరు పెట్టి పిలిస్తే ఎంతకీ నడవదు, టెర్మక్స్ సొంత హోమ్‌లోకి తెచ్చుకోవాలి.

మరి మీకేది?

ఒక్కరే, ఒక్క లినక్స్ మెషీన్ అయితే ఏమీ చేయొద్దు, ట్రూ ఉంచి వదిలేయండి. జట్టంతా విండోస్, నడిచేది మాత్రం లినక్స్ సర్వర్‌లో అయితే రెండో దారి, సీఐ చెకింగ్, .గిట్‌అట్రిబ్యూట్స్‌లో ఆ లైను, ఈ మూడూ కలిపి అరగంట పని. కాలేజీ పిల్లలు పెన్‌డ్రైవ్‌లో రెపో తిప్పుకుంటుంటే ఆ కాపీలో ఫాల్స్ పెట్టుకుని, వీలు చూసుకుని పుష్, పుల్ అలవాటు చేసుకోండి. చీమకుర్తిలో గ్రానైట్ బ్లాకుల స్టాకు లెక్కకి ప్రోగ్రాం రాసిన ఒకాయన అడిగాడు, ఆఫీసులో అన్నీ విండోసే, సర్వరూ విండోసే, నేనేం చేయాలని. ఏమీ అక్కర్లేదన్నా, లినక్స్ గడప తొక్కిన రోజు చూసుకుందువులే అన్నాను.

మాలాగా గుంటల దగ్గర, పొలాల్లో, మనిషి వెళ్లి సరిచేయడం కష్టమైన చోట బోర్డులు పెట్టేవాళ్లు మాత్రం రెండో దారి, మూడో దారి కలిపి వాడండి, అప్‌డేట్ దిగగానే స్క్రిప్టుని ఒకసారి ఉత్తుత్తిగా నడిపి, నడవకపోతే అప్పుడే మెసేజ్ పంపేలా చేసుకోండి. ఇందుకూరుపేట పెట్టె ఇప్పుడు రోజూ సాయంత్రం ఆరింటికి ఆసామికి ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది, బతికే ఉన్నానని. ఆయన మొదటి రెండు రోజులు తిరిగి ఫోన్ చేశాడు.